సర్వరు మనదైతే సాక్ష్యం ఎవరిది?

అందరికీ నమస్కారం. ఆసుపత్రుల వాళ్లు, ఆడిటర్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు వచ్చారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

ఆపరేషన్‌కి ముందు పేషెంటు ఇచ్చే సమ్మతి పత్రం, ఉద్యోగి ఒప్పందం, దాతల వివరాలు... ఇవన్నీ సంతకాల కోసం ఏదో ఒక కంపెనీ వెబ్‌సైట్‌కి ఎక్కిస్తున్నాం. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం, మన తరఫున వేరెవరు దాచినా జవాబుదారీ మనదే. జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. అందుకే డాక్యుసీల్, డాక్యుమెన్సో లాంటి, ఆన్‌లైన్లో సంతకాలు తీసుకునే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) సాఫ్ట్‌వేర్‌ని సొంత సర్వర్లో పెట్టుకోవాలన్న ఆలోచన మంచిదే. డాకర్ (సర్వర్లో సాఫ్ట్‌వేర్‌ని సులువుగా నడిపించే సాధనం) తెలిసిన కుర్రాడైతే ఒక పూటలో పెట్టేస్తాడు. అసలు చిక్కు ఆ తర్వాతే.

రేపు తగాదా వచ్చిందనుకోండి. అవతలి లాయరు ఏమంటాడు? "సర్వరు మీదే, ఎవరు ఎప్పుడు ఏం చేశారో అందులో నమోదైన లాగ్ రికార్డులూ మీవే. మీరే దిద్దలేదని నమ్మేదెలా?"

అద్దె ఒప్పందంలో 13,000ని ఎవరో 18,000 చేశారు. సంతకం బొమ్మ అతికించిన పీడీఎఫ్ అయితే కిక్కురుమనదు. డిజిటల్ సంతకం ఉంటే, ఫైలు తెరవగానే సంతకం తర్వాత మార్పు జరిగిందని పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. ఎందుకంటే ఫైలు మొత్తం హాష్, అంటే ఫైలులోంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంఖ్య, ఆ సంతకంలో ఉంటుంది. ఒక్క అంకె మారినా హాష్ కలవదు. కానీ సంతకం ఎవరిదో చెప్పే సర్టిఫికెట్‌ని కూడా మన సర్వరే పుట్టించుకుంటే, దాని తాళం చెవి (సంతకం పెట్టే రహస్య కోడ్) ఉన్నవాడు ఫైలు మార్చి మళ్లీ సంతకం పెట్టేయగలడు.

కాబట్టి ఫైలు ఇంట్లో ఉండాలి, సాక్షి బయటివాడు కావాలి. ఆధార్ ఈ-సైన్‌లో (ఆధార్‌తో గుర్తింపు చూసి పెట్టే డిజిటల్ సంతకం) బయటికి వెళ్లేది హాష్ మాత్రమే, పత్రం కాదు. మనకు కావలసింది అదే. లేదా సీసీఏ (ఇలాంటి సర్టిఫికెట్లిచ్చే సంస్థలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ అధికారి) లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్, సంతకం ఎప్పుడు పడిందో బయటివాళ్లు ధ్రువీకరించే టైమ్‌స్టాంప్ వాడండి. సంతకాలు పూర్తయిన నిమిషంలోనే రెండు పక్షాలకూ కాపీ మెయిల్లో వెళ్లిపోవాలి. ఉత్త క్లిక్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఎలక్ట్రానిక్ అన్న కారణంతోనే కొట్టేయకూడదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతుంది. కానీ అవతలివాళ్లు ఆ సంతకం తమది కాదన్నప్పుడు నిరూపించుకోవాల్సింది మనమే. ఎలక్ట్రానిక్ ఫైలుని కోర్టులో సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ కూడా రాయాలి. వీలునామాల జోలికి మాత్రం పోకండి, అవి కాగితం మీదే.

ఇంకో మాట, ఆడిటర్లు నొచ్చుకోకండి. క్లయింట్ల డీఎస్సీ టోకెన్లన్నీ (వాళ్ల డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరాలు) మీ సొరుగులో, ఒక్కోదాని మీద పిన్ నంబరు రాసిన స్టిక్కరుతో ఉంటే, ఏ సర్వరు పెట్టినా దండగే.

బ్యాకప్ సంగతి. 2014 అక్టోబరు 12న మన విశాఖకి హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు, ఫోన్లు లేక ఎలా గడిపామో మీకు చెప్పక్కర్లేదు. రెండో కాపీ విశాఖలో వద్దు. ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం చెవి లేనిదే ఎవరూ చదవలేకుండా) వేరే ఊళ్లో పెట్టండి, దాని తాళం చెవి ఇంకోచోట. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి, సంతకం సరిగ్గా ఉందో లేదో చూసే పని ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పజెప్పండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.