పారమట్టా ఓటరు జాబితాలో మనమెక్కడ?

అందరికీ నమస్కారం. మనం కూర్చున్న ఈ నేల ఇక్కడి ఆదివాసులైన బురమట్టగల్ ప్రజలది. ముందుగా వాళ్లకు, వాళ్ల పెద్దలకు నా వందనం. వేదిక మీది వారి పేర్లు ఇప్పటికే చదివారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

ఆస్ట్రేలియాలోని మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర శాసనసభకు 1856లో తొలి ఎన్నికలు జరిగినప్పుడే, సిడ్నీలోని మన పారమట్టా నియోజకవర్గం ఉంది. అప్పట్లో ఇద్దరు సభ్యులు. ఓటు మాత్రం ఆస్తో, ఆదాయమో ఉన్న మగవాళ్లకే. 1858లో దాదాపు మగవాళ్లందరికీ వచ్చింది. ఆడవాళ్లు 1902 దాకా ఆగాల్సి వచ్చింది. 1920 నుంచి 1927 వరకు ఇక్కడ ముగ్గురు సభ్యులుండేవారు. వారిలో జాక్ లాంగ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పారమట్టా సభ్యుడిగా ఉండగానే 1925లో ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలోకి వచ్చారు. భర్త పోయి, పిల్లలతో మిగిలిన ఆడవాళ్లకు పింఛను తెచ్చారు. 1932లో గవర్నర్ ఆయన్ని పదవి నుంచి తొలగించిన కథ పెద్దది, మరోసారి చెప్పుకుందాం.

ఇప్పుడు రాష్ట్రంలో 93 నియోజకవర్గాలు. సరిహద్దులు గీసేటప్పుడు చూసేది ఓటర్ల సంఖ్య, అక్కడ ఉంటున్న మనుషుల సంఖ్య కాదు. ఈ అపార్ట్‌మెంట్ల నిండా మనవాళ్లే, అయినా పౌరసత్వం లేనివాళ్లు ఆ లెక్కలోకి రారు.

మా వీధిలో పిల్లలు రోడ్డు దాటడానికి సిగ్నల్ కావాలని సంతకాలు సేకరించి ఒక ప్రతినిధి ఆఫీసుకు వెళ్లాం. "వీళ్లలో ఓటర్లు ఎంతమంది?" అని అడిగారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ మాట నాకింకా మంటగానే ఉంది. రోడ్డు దాటే పిల్లాడికి ఓటుతో ఏం పని? కానీ అడిగారు, రేపూ అడుగుతారు.

అమ్మలారా, అన్నలారా, ఆస్ట్రేలియా పౌరసత్వం కోసం ఇండియన్ పాస్‌పోర్ట్ వదలడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు తీసుకున్నాక మన ఊళ్లో పొలం కొనలేమన్నదీ నిజమే. అయినా ఇల్లు ఇక్కడే కొన్నాం, పిల్లలు ఇక్కడే చదువుతున్నారు, పన్నులు ఇక్కడే కడుతున్నాం. నాలుగేళ్లు చట్టబద్ధంగా ఉండి, అందులో చివరి ఏడాది పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద గడిపినవాళ్లు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వచ్చే రాష్ట్ర ఎన్నికలు 2027 మార్చిలో. దరఖాస్తుకు, ప్రమాణానికి నెలలు పడుతుంది. హాలు వెనక బల్ల దగ్గర మన కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లతో ఉన్నారు. భోజనానికి వెళ్లేముందే వాళ్ల దగ్గరికి వెళ్లండి.