మణి అయ్యర్ తర్వాత ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

సంగీతం తెలిసిన నలుగురు కూడినచోట గాయకుల గురించి వాదన కాస్త మర్యాదగానే సాగుతుంది. మృదంగం మాట వచ్చిందా, గొంతులు లేస్తాయి. పాల్ఘాట్ మణి అయ్యర్ గారి దగ్గర మాత్రం పేచీ లేదు. మృదంగ విద్వాంసుల్లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు మొదట అందుకున్నది ఆయనే. 1981లో ఆయన పోయారు. రగడంతా ఆ తర్వాతి నలభై ఏళ్లలో మృదంగంలో మేటి ఎవరన్నదాని గురించే.

ఉమయాళ్‌పురం శివరామన్ గారి పేరు ముందు వినిపిస్తుంది. తొప్పి మీద, అంటే మృదంగం ఎడమ ముఖం మీద, ఆయన చెయ్యి పలికించే గుంకీ, ఆ జారే గంభీర నాదం వింటే, అభిమానులు అంతగా పట్టుబట్టడం తప్పనిపించదు. పనస కొయ్యకు బదులు ఫైబర్‌గ్లాస్‌తో మృదంగం చేయించిన ప్రయోగశీలి కూడా. 2010లో పద్మవిభూషణ్ వచ్చింది. తాళం లెక్క అంటే పడిచచ్చేవాళ్లు పాల్ఘాట్ రఘు గారంటారు. వాయింపును ముగించే వరుసను, ఆ ముక్తాయింపును, ఆయన ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ దించుతారో చివరి దెబ్బ దాకా అంతుపట్టదు. ఇక కారైక్కుడి మణి గారి శిష్యులూ అభిమానులూ మరీ గట్టివాళ్లు. తాళవాద్యం ఎప్పుడూ పక్కనే ఎందుకు కూర్చోవాలని ఆయన 'శ్రుతిలయ' బృందం కట్టి, మృదంగాన్ని వేదిక మధ్యకు తెచ్చారు. 2023లో పోయేదాకా ఆ పట్టు వదల్లేదు. మన యెల్లా వెంకటేశ్వరరావు గారి పేరు హైదరాబాదులో ఎత్తకపోతే ఇంటికి వెళ్లనివ్వరు.

మృదంగమే ఎందుకు, జాకిర్ హుస్సేన్ ఉండగా అనేవారూ ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో ఒక్క రాత్రి మూడు గ్రామీలు అందుకుని, ఆ ఏడాది డిసెంబరులోనే వెళ్లిపోయిన మనిషి. ఆయన ఘనతకు అడ్డం చెప్పేవాళ్లెవరు? కానీ తబలా దారి వేరు, ఆ కచేరీ కట్టుబాటే వేరు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఈ వాదనల్లో అందరూ తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే ఘట్టం గురించే మాట్లాడతారు. రెండున్నర గంటల కచేరీలో తని ఎంతసేపు? పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. రేడియో కచేరీలో అయితే అంత కూడా దక్కదు. మిగతా సమయమంతా ఆ చేతులు పాట వెంట నడుస్తూనే ఉంటాయి. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పైగా తని మొదలవగానే కాఫీకి లేచిపోయినవాళ్లే బయట నిలబడి తీర్పులు చెబుతుంటారు!

ఒక్క ఉదాహరణ చెబుతాను. 'ఎందరో మహానుభావులు' తీసుకోండి. శ్రీరాగం, ఆదితాళం. అందులో చరణాలకు ముందు స్వరం పాడి, అదే వరుస మీద సాహిత్యం పాడతారు. స్వరం నడిచేటప్పుడు మృదంగం అక్షరానికి అక్షరం పట్టుకుని వెళ్లినా ముచ్చటగానే ఉంటుంది. మరుక్షణం 'సామగాన లోల మనసిజ లావణ్య ధన్య మూర్ధన్యులు' అని మాట వస్తుంది. ఆ 'ణ్య', 'న్య', 'న్య' మూడూ వరసగా చెవిన పడాలని త్యాగయ్య అలా కూర్చాడు. అక్కడ చెయ్యి కొంచెం తగ్గిందా, మాట మెరుస్తుంది. స్వరానికి వాయించిన జోరే సాహిత్యానికీ వాయిస్తే తాళం మిగిలి తెలుగు పోతుంది. తెలుగు వచ్చిన మనకు ఇది ఇట్టే తెలుస్తుంది. చిత్రమేమిటంటే, ఈ పని అందరికంటే బాగా చేసినవాడు తమిళుడు.

నా ఓటు వేలూరు రామభద్రన్ గారికి. 2004లో సంగీత కళానిధి, 2012లో కన్నుమూశారు. గాయకుడు జీఎన్‌బీ (జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం) దగ్గర నుంచి లాల్గుడి జయరామన్ వయొలిన్, రమణి వేణువు దాకా ఎన్నో కచేరీలకు వాయించారు. పాత రికార్డింగు ఏదైనా దొరికితే వినండి. తొప్పి మెత్తగా పలుకుతుంది. గాయకుడు ఊపిరి తీసుకునే చోట చిన్న పూరింపు, అంతే. ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే సంగతి తిరిగేటప్పుడు మృదంగం ముందే కనిపెట్టినట్టు దానితోపాటే తిరుగుతుంది. 'ఇందులో గొప్పేముంది, ఎవరైనా వాయిస్తారు' అనిపిస్తుంది చూశారూ, ఆయన పనితనమంతా అదే. చిక్కు నడకల్లో పల్లవి పాడే రోజు రఘు గారో కారైక్కుడి మణి గారో ఉండాలంటే కాదనను. రోజూ వినడానికి మాత్రం రామభద్రన్ గారే.

అసలు జాబితాలోకి ఎవరు వస్తారన్నది గాయకుడి పక్కన ఎవరిని కూర్చోనిచ్చారన్న దాని మీద కూడా ఉంటుంది. మణి అయ్యర్ గారి సమకాలికుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై ఎడమచేతివాటం మనిషి. మృదంగం కుడి ముఖం సభవైపు ఉండాలి. ఎడమచేత్తో వాయించేవాడు కూర్చోవాలంటే వయొలిన్ విద్వాంసుడు చోటు మారాలి. అందుకు ఒప్పుకోనివాళ్లు ఉండేవారు. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ పూనుకుని వయొలిన్‌ను అవతలికి జరిపించి ఆయనను నిలబెట్టారు. టొరంటోలో మృదంగం నేర్పిన తిరుచ్చి శంకరన్ ఆ పిళ్ళై గారి శిష్యుడే.

ఆడవాళ్లకు ఆ చోటు దొరకడం ఇంకా కష్టమైంది. ఏలూరులో పుట్టిన దండమూడి సుమతి గారు భర్త రామమోహనరావు గారితో కలిసి మృదంగ ద్వయంగా కచేరీలు చేశారు, పెద్ద విద్వాంసులకు పక్కవాద్యం వాయించారు. పద్మశ్రీ వచ్చేసరికి 2021. మేటి ఎవరని వాదించే మన పెద్దమనుషుల నోట ఆవిడ పేరు నేనింతవరకు వినలేదు.