డాన్స్ నేర్చిన హీరోయిన్‌కి కెమెరా ముందు పనికొచ్చేది ఏంటి? సుధారాణి కెరీర్ చెప్పే సంగతి

(విజువల్: బెంగళూరు గాంధీనగర్ సినిమా హాళ్ల పాత ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి. చివరికి సుధారాణి ఫొటో దగ్గర ఆగాలి.)

వాయిస్:
క్లాసికల్ డాన్సర్ ఎవరైనా హీరోయిన్ అయ్యారనగానే మనం ఎదురుచూసేది ఒక్కటే. సినిమాలో ఎక్కడో ఒకచోట గజ్జె కట్టి ఆడే పాట. ఫ్లాష్‌బ్యాక్‌లోనో, కాలేజీ ఫంక్షన్‌లోనో డైరెక్టర్ ఆ పాట పెట్టకపోతే, అయ్యో, నేర్చుకున్నదంతా వేస్ట్ అయిపోయిందే అని మనమే బాధపడిపోతాం.

నాకైతే ఆ పాటల మీద పెద్ద నమ్మకం లేదు. నాలుగు నిమిషాల పాటని ముక్కలు ముక్కలు చేసి, పాదం ఒక షాట్‌లో, చెయ్యి ఇంకో షాట్‌లో చూపిస్తే అందులో డాన్స్ ఏం మిగులుతుంది? డాన్సర్ చదువు బయటపడేది పాట అయిపోయి, మాటల సీన్ మొదలయ్యాక. అది ఎలాగో చూపించడానికి కన్నడ నటి సుధారాణిని తీసుకుంటున్నాను. మనలో చాలామందికి ఈ పేరు అంతగా తెలియకపోవచ్చు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లని అడగండి, ఠక్కున చెప్తారు.

(విజువల్: 'ఆనంద్' పోస్టర్. స్క్రీన్ మీద: 1986)

సుధారాణి బెంగళూరు అమ్మాయి. భరతనాట్యం, కూచిపూడి రెండూ నేర్చుకుంది. చిన్నప్పుడే బాలనటిగా తెర మీదకి వచ్చింది. 1986లో, ఇంకా చాలా చిన్న వయసులోనే, 'ఆనంద్' సినిమాతో హీరోయిన్ అయింది. కన్నడ కంఠీరవుడు రాజ్‌కుమార్ పెద్దబ్బాయి శివరాజ్‌కుమార్ హీరోగా పరిచయమైంది కూడా ఆ సినిమాతోనే. కాబట్టి దాని మీద ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోండి. డైరెక్షన్ ఎవరిదో తెలుసా? మన సింగీతం శ్రీనివాసరావుది. అంతకు ముందే రాజ్‌కుమార్‌తో 'హాలు జేను', 'ఎరడు నక్షత్రగళు' లాంటి సినిమాలు తీసి ఉన్నారు కాబట్టి ఆ ఇంటికి ఆయన కొత్తవారేం కాదు.

సినిమా పెద్ద హిట్. మరుసటి ఏడాది అదే జంటతో 'మనమెచ్చిద హుడుగి' వచ్చింది. శివరాజ్‌కుమార్ మొదటి మూడు సినిమాలూ ఆడేసరికి ఆయనకి 'హ్యాట్రిక్ హీరో' అనే పేరు పడిపోయింది. ఆ మూడింట్లో రెండింటి హీరోయిన్ సుధారాణి. ఆమెకి మాత్రం బిరుదేమీ రాలేదు. హీరోయిన్లకి మన ఇండస్ట్రీల్లో ఇది మామూలే లెండి.

(విజువల్: వేదిక మీద కూచిపూడి అభినయం, దగ్గరి షాట్. తర్వాత కళ్లు మాత్రమే.)

ఇప్పుడు కాసేపు సినిమాని పక్కనపెట్టి డాన్స్ క్లాసులోకి వెళ్దాం.

శాస్త్రీయ నృత్యంలో ఒక భాగం నృత్తం. అడుగులు, జతులు, లెక్కలు. అర్థంతో పని లేదు, తాళంతోనే పని. రెండోది అభినయం. ఇక్కడ సాహిత్యానికి ముఖంతో, చేతులతో అర్థం చెప్పాలి. క్లాసులో మొదట నేర్పేది అడుగులే అయినా, ఏళ్లు పట్టేది రెండోదానికి.

క్షేత్రయ్య పదం, అంటే నాట్యంలో అభినయించే శృంగార గేయం, ఒకటి తీసుకోండి. నాయకుడు రాత్రంతా ఎక్కడో గడిపి తెల్లవారుజామున ఇంటికొచ్చాడు. నాయిక గుమ్మంలో నిలబడింది. పాడేవాళ్లు ఒకే పంక్తిని ఐదారుసార్లు తిప్పి తిప్పి పాడుతుంటారు. మాట మారదు. నర్తకి మాత్రం ప్రతిసారీ కొత్త అర్థం తీయాలి. మొదటిసారి ఎదురెళ్లి నవ్వుతుంది. రెండోసారి అతని మెడలో నలిగిన పూలు కనిపిస్తాయి. మూడోసారి భుజం మీద గోటిగాటు. నాలుగోసారి అదే నవ్వు, కానీ ఇప్పుడు అందులో ఎత్తిపొడుపు ఉంది. దీన్నే సంచారి అంటారు. తమాషా ఏంటంటే, ఆ నాయకుడు అక్కడ లేడు. ఖాళీ వేదిక. ఆమె చూపు ఎక్కడ ఆగితే అతను అక్కడ ఉన్నట్టు మనకి కనిపిస్తాడు.

సినిమా సెట్‌లో జరిగేది కూడా ఇదే కదా! క్లోజప్ తీసేటప్పుడు ఎదుటి నటుడు చాలాసార్లు అక్కడ ఉండడు. కెమెరా పక్కన ఎవరో చెయ్యెత్తి, ఇక్కడ చూడండి మేడం అంటారు. అక్కడ లేని మనిషిని చూసి కన్నీళ్లు పెట్టుకోవాలి. మామూలు కొత్త నటికి చుక్కలు కనిపిస్తాయి. పదాలు ఆడిన అమ్మాయికి ఇది చిన్నప్పటి హోంవర్క్.

(విజువల్: స్క్రీన్ మీద: శిరోభేదాలు 9, దృష్టి భేదాలు 8, గ్రీవా భేదాలు 4)

అయితే ఇదే చదువు ఒక ఇబ్బంది కూడా తెచ్చిపెడుతుంది. అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథం తల కదలికలు తొమ్మిదనీ, చూపులు ఎనిమిదనీ, మెడ కదలికలు నాలుగనీ లెక్క కట్టి పెట్టింది. కనుకొసల నుంచి పక్కకి చూసేది సాచి. కంటిపాపలు రెండు పక్కలకీ తిప్పితే ప్రలోకితం. బెంగళూరు రవీంద్ర కళాక్షేత్రలో చివరి వరసలో కూర్చున్నవాళ్లకి అందాలంటే వీటిని పెద్దగా, స్పష్టంగా చేయాలి. కళ్లకి అంత మందంగా కాటుక పెట్టేది అందుకే. అదే చూపుని క్లోజప్‌లో చేశారనుకోండి, హాల్లో జనం నవ్వుతారు. తెర మీద ముఖమే గోడంత ఉంటుంది, కంటిపాప ఒక రవ్వ జరిగినా చాలు. అందుకే డాన్సర్లు మొదటి సినిమాలో తరచుగా ఓవర్‌గా కనిపిస్తారు. వేదిక కోసం పెంచుకున్నదాన్ని కెమెరా కోసం తగ్గించుకోవడం మళ్లీ ఇంకో చదువు.

సుధారాణి ఆ తగ్గించుకోవడం తొందరగానే నేర్చుకుందని నా అభిప్రాయం. 1990 నాటి 'పంచమ వేద' సినిమాకి ఆమెకి కర్ణాటక రాష్ట్ర ప్రభుత్వ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దాని తర్వాతిది ఇంకా ముఖ్యం.

(విజువల్: మల్లెపూల దండ, పాత మైసూరు వీధులు. స్క్రీన్ మీద: 'మైసూర మల్లిగె')

మనకి నండూరివారి ఎంకి పాటలు ఎలాగో, కన్నడిగులకి కె.ఎస్.నరసింహస్వామి 'మైసూర మల్లిగె' అలాగ. 1942లో వచ్చిన కవితా సంపుటి అది. దాంపత్యంలోని ప్రేమ, అలకలు, పుట్టిల్లు, అత్తారిల్లు, గాజులమ్మే చెన్నయ్య, అన్నీ ఉంటాయి. ఆ పాటలు రాని కన్నడ ఇల్లు అరుదు. దర్శకుడు టి.ఎస్.నాగాభరణ ఆ కవితల్నే దారానికి గుచ్చి ఒక కథ అల్లి సినిమా తీశారు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ కన్నడ చిత్రంగా నిలిచింది. నరసింహస్వామికి ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. సుధారాణికి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు.

ఇందులో చిక్కేంటంటే, ఆ సంపుటిలో చాలా కవితలు భర్త గొంతుతో నడుస్తాయి. అల్లుడు మామగారింటికి వస్తాడు, మర్యాదలన్నీ జరుగుతాయి, అతని కళ్లు మాత్రం కనబడని భార్య కోసం వెతుకుతుంటాయి. మాటలన్నీ అతనివే. క్షేత్రయ్య పదంలో ఆడమనిషి మాట్లాడుతుంది, మగవాడు ఉండడు. ఇక్కడ పూర్తిగా తిరగబడింది. మగవాడు పాడుతుంటే ఆమె వినాలి, వింటూ జవాబు చెప్పాలి, నోరు విప్పకుండా. కవి రాయని సగాన్ని నటి పూరించాలి. అడుగులు ఎంత బాగా వేసినా ఇక్కడ అక్కరకు రావు. సుధారాణి ఈ సినిమాలో చేసింది పూర్తిగా అభినయం పని. చూపు దించడానికీ, ఎత్తడానికీ మధ్య ఆమె తీసుకునే వ్యవధి గమనించండి. తాళజ్ఞానం ఉన్నవాళ్లకి మాత్రమే అంత కచ్చితంగా కుదురుతుంది.

(విజువల్: 'పుష్పక విమాన' పోస్టర్)

సుధారాణి కథలోంచి ఒక్క నిమిషం పక్కకి వస్తాను. 'ఆనంద్' తీసిన మరుసటి ఏడాదే సింగీతం బెంగళూరులో 'పుష్పక విమాన' తీశారు. మాటలే లేని సినిమా. అందులో హీరోయిన్ అమల. చెన్నై కళాక్షేత్రలో నేర్చుకున్న భరతనాట్యం డాన్సర్. మాటల్లేని సినిమాకి డాన్సర్‌ని ఎంచుకోవడం కాకతాళీయం అనుకోను. అలాగే 'శంకరాభరణం' గుర్తు తెచ్చుకోండి. తులసిగా వేసిన మంజుభార్గవి వెంపటి చినసత్యం దగ్గర నేర్చుకున్న కూచిపూడి నర్తకి. కె.విశ్వనాథ్ ఆమెతో ఆడించినది తక్కువ, చూపించినది ఎక్కువ. మాటలూ తక్కువే. ఆవిడ తర్వాత బెంగళూరులోనే స్థిరపడ్డారు.

(విజువల్: టీవీ సీరియల్ సెట్, మూడు కెమెరాలు)

హీరోయిన్‌గా సుధారాణి రోజులు తొంభైల్లోనే నెమ్మదించాయి. పెళ్లి, అమెరికా, విరామం. తిరిగి వచ్చాక 'వాస్తు ప్రకార', 'యువరత్న' లాంటి సినిమాల్లో సహాయ పాత్రలు. 2022లో జీ కన్నడలో 'శ్రీరస్తు శుభమస్తు' సీరియల్ మొదలైంది. నడివయసులో రెండో పెళ్లి చేసుకునే తులసి పాత్ర ఆమెది. కాకతాళీయంగా ఇక్కడా తులసే! సీరియల్ అంటే తెలుసుగా, ఒక మాటకి ముగ్గురి రియాక్షన్లు, ఒక్కోటి మూడుసార్లు. చాలామంది నటులకి అది శిక్ష. ఒకే పంక్తిని ఆరుసార్లు ఆరు రకాలుగా చూపించే అలవాటున్న మనిషికి ఆ ఫార్మాట్ కొత్తేమీ కాదు.

ఇదే బెంగళూరు నుంచి వచ్చిన మరో డాన్సర్-నటి లక్ష్మీ గోపాలస్వామి దారి వేరు. ఆమెకి మొదట పేరొచ్చింది మలయాళంలో, 2000లో. కర్ణాటక ప్రభుత్వ అవార్డు 'విదాయ' సినిమాకి చాలా ఆలస్యంగా వచ్చింది. మధ్యలో భరతనాట్యం ప్రదర్శనలు ఆపలేదు. భావనా రామన్న కూడా అంతే, ఓ పక్క సినిమా, ఓ పక్క వేదిక. వాళ్ల మీద విడిగా ఒక వీడియో చేయాలి.

(విజువల్: మూడు సినిమాల పోస్టర్లు వరసగా)

చూద్దామనుకునేవాళ్లు 'మైసూర మల్లిగె'తో మొదలుపెట్టండి. కన్నడ రాకపోయినా పర్వాలేదు, సగం మాటలు మనకి అర్థమవుతాయి. తర్వాత 'పంచమ వేద'. 'ఆనంద్' చివర్లో చూడండి. ముందే చూస్తే ఎనభైల డ్రెస్సులకి నవ్వుకుంటూ కూర్చుంటారు, ఆ అమ్మాయి ఏం చేస్తోందో గమనించరు.