తరగతి గదికి నీరటి ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

వరంగల్ వైపు పుట్టి పెరిగినవారికి నీరటి అనే మాట కొత్త కాదు. చెరువు తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసుకునే మనిషి. కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు ఇన్ని వందల ఏళ్లుగా పొలాలను తడుపుతున్నాయంటే కట్ట గట్టిది కావడం ఒక్కటే చాలదు. తూము దగ్గర బాధ్యత గల మనిషి కూడా ఉండాలి. విశ్వవిద్యాలయాల్లో కరెంటు ఖర్చు మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ నీరటే గుర్తుకొస్తాడు.

ఇంట్లో ఫ్యాను ఊరికే తిరుగుతుంటే అమ్మ కేకేస్తుంది. బిల్లు కట్టేది ఇంటివాళ్లే కదా! క్యాంపస్‌లో ఆ బిల్లును విద్యార్థీ చూడడు, అధ్యాపకుడూ చూడడు. ప్రాంగణం మొత్తానికి ఒకే పెద్ద మీటరు ఉన్నచోట, ఏ విభాగం ఎంత వాడుతోందో ఆ విభాగానికే తెలియదు.

ఒక్క గది లెక్క చూద్దాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు ఎనిమిది. చోకుతో కలిపి 50 వాట్లు లాగే పాత ట్యూబులైట్లు పది. మొత్తం 1,100 వాట్లు. సాయంత్రం ఐదింటికి ఆపకుండా వెళ్లి మర్నాడు తొమ్మిదింటికి వస్తే, 16 గంటల్లో 17 యూనిట్లు దాటుతాయి. బొగ్గుతో ఒక యూనిట్ తీయడానికి మన దేశంలో రమారమి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే మనిషి లేని గది కోసం ఒక్క రాత్రిలో 12 కిలోలు! భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం, రామగుండం ఎన్‌టీపీసీ మనకు ఇరుగుపొరుగు. సింగరేణి గనుల్లోకి దిగేది మన అన్నదమ్ములే. వాళ్ల చెమట ఖాళీ బెంచీలకు గాలి విసరడానికి పోతోందంటే నాకు కష్టంగా ఉంటుంది. పైగా ఫ్యాను గదిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది కాబట్టి మనకు హాయిగా ఉంటుంది, అంతే. ఎవరూ లేనప్పుడు మోటారు వేడి గదికే చేరుతుంది.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక సాయంత్రం అటెండరుగా పనిచేసే ఒక పెద్దావిడను అడిగాను, "ఇవన్నీ ఆపలేదేమమ్మా?" అని. ఆమె నన్ను స్విచ్చుబోర్డు దగ్గరికి తీసుకెళ్లింది. పసుపెక్కిన బోర్డు మీద పద్దెనిమిది స్విచ్చులు. ఒక్కదాని మీదా గుర్తు లేదు. రెండు పైకి నొక్కితే వెలుగుతాయి, మిగతావి కిందికి. "ఏది దేనిదో మీరు చెప్పండి సార్" అంది. చెప్పలేకపోయాను. మర్నాడు తెల్ల ప్లాస్టరు ముక్కలు కత్తిరించి, 'కిటికీ ఫ్యాను', 'బోర్డు లైటు' అని ఒక్కొక్కటే రాసి అంటించాం. ఆ తర్వాత ఆ గది రాత్రిపూట వెలగగా నేను చూడలేదు.

పరికరాలు మార్చడమూ అవసరమే. తక్కువ కరెంటు లాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగుతుంది. హాస్టల్ గదిలో రోజుకు 12 గంటల చొప్పున 300 రోజులు తిరిగితే, పాత ఫ్యాను కన్నా ఏడాదికి 160 యూనిట్లు మిగులుతాయి. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుంది. అయితే మే నెల ఎండల్లో పిల్లలను ఫ్యాను లేకుండా కూర్చోబెట్టమని నేను అనను. చదువుకునే పిల్లవాడి నెత్తి మీద తిరిగే ఫ్యాను వృథా కాదు.

సౌర ఫలకలు పెట్టండి, మంచిదే. రామగుండంలో జలాశయం నీటి మీదే 100 మెగావాట్ల సౌర కేంద్రం తేలుతోంది. కానీ కారే కుండకు చిల్లు పూడ్చకుండా ఎన్ని బిందెలు పోస్తాం?

అందుకే క్యాంపస్ పెద్దలకు నా విన్నపం. ప్రతి భవనానికీ విడి మీటరు పెట్టించండి. ప్రతి గదికీ ఒక నీరటిని, విద్యార్థినైనా సరే, పేరుపెట్టి నియమించండి. తరగతులు లేని ఒక రాత్రి ఒంటిగంటకు మీటరు చూడండి, నాలుగింటికి మళ్లీ చూడండి. హాస్టళ్లు, వీధి దీపాలు, ప్రయోగశాలల ఫ్రిజ్‌ల లెక్క తీసేయండి. మిగిలింది ఎక్కడికి పోతోందో వెతకడానికి టార్చిలైటు కూడా అక్కర్లేదు. ఆ గదులు చీకట్లో దూరం నుంచే కనిపిస్తాయి.

నమస్కారం.