కరెంటు దెబ్బకి కణం పొరలో కన్నాలు

[దృశ్యం: వేలి పొడవున్న ప్లాస్టిక్ క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న గిన్నె), దగ్గర నుంచి]

ఇందులో రెండు లోహపు పలకలున్నాయి. మధ్య ఎడం ఒక్క మిల్లీమీటరు. ఆ సందులో ఇ. కోలి బ్యాక్టీరియా, చిటికెడు కూడా లేని డీఎన్ఏ. మెషిన్‌లో పెట్టి బటన్ నొక్కితే 1,800 వోల్టుల పల్స్, అంటే లిప్తపాటు కరెంటు దెబ్బ. కొన్ని మిల్లీసెకన్లలో అంతా అయిపోతుంది. చాలా బ్యాక్టీరియా చస్తాయి. బతికినవాటిలో కొన్నింటి లోపలికి మాత్రం ఆ డీఎన్ఏ వెళ్లిపోయి ఉంటుంది. దీన్నే ఎలక్ట్రోపోరేషన్ అంటారు.

[యానిమేషన్: కణం పొర]

కణం పొర అంటే రెండు వరసల కొవ్వు అణువులు, మందం సుమారు 5 నానోమీటర్లు. కరెంటు ఉప్పునీళ్లలో పారుతుంది, కొవ్వులో పారదు. అందుకే పల్స్ రాగానే అయాన్లు పొరకి అటూ ఇటూ పేరుకుంటాయి. పొర మీద ఒక వోల్టు పడితే చాలు. ఒక్కటేనా అనుకోకండి, అంత పల్చటి పొర మీద అది మీటరుకి 20 కోట్ల వోల్టుల లెక్క! నీటి అణువులు కొవ్వులోకి చొరబడి సన్నటి దారులు చేస్తాయి. అదీ పలకలకి ఎదురుగా ఉన్న రెండు కొసల్లోనే ఎక్కువ.

కణం ఎంత చిన్నదైతే పల్స్ అంత గట్టిగా ఉండాలి. మన కణాలకి సెంటీమీటరుకి వెయ్యి వోల్టుల దరిదాపుల్లో సరిపోయేది, బ్యాక్టీరియాకి పది వేలు దాటాలి.

[దృశ్యం: క్యూవెట్‌లో మెరుపు, టప్‌మని శబ్దం]

ల్యాబ్‌లో అందరికీ టెన్షన్ ఇక్కడే. డీఎన్ఏలో ఉప్పు మిగిలితే నిప్పురవ్వ లేచి శాంపిల్ పోతుంది. అంతా బాగా జరిగితే వెంటనే పోషక ద్రవం పోసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు తేరుకోనివ్వాలి.

1982లో జర్మనీ శాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ నాయ్‌మన్ బృందం ఎలుక కణాల్లోకి ఇలాగే జన్యువుని పంపింది. సికిల్ సెల్ అనే రక్తవ్యాధికి 2023లో అనుమతి పొందిన జన్యుచికిత్స క్యాస్‌జెవీలోనూ మూలకణాల్లోకి క్రిస్పర్ అనే జన్యు కత్తెర వెళ్లేది ఈ దారినే.

[యానిమేషన్: గుండె, లోపల కేథటర్ (సన్నటి గొట్టం)]

పల్స్‌లు మరీ బలంగా, మళ్లీ మళ్లీ పడితే కన్నాలు పూడవు, కణం చచ్చిపోతుంది. ఆ చావునే గుండె డాక్టర్లు వాడుకుంటున్నారు. లయ తప్పించే కణాలను ఇదివరకు ఎక్కువగా వేడితో కాల్చేవారు, వెనకే ఉన్న అన్నవాహికకి సెగ తగిలే భయం ఉండేది. గుండె కండర కణాలు తక్కువ విద్యుత్ ఫీల్డ్‌కే లొంగుతాయి కాబట్టి పల్స్‌తో ఆ భయం బాగా తగ్గింది. అమెరికాలో దీనికి 2023 డిసెంబరులో తొలి అనుమతి వచ్చింది. కాకపోతే గుండెకి రక్తమిచ్చే నాళాల పక్కన పల్స్ ఇస్తే అవి బిగుసుకుపోవచ్చు, అక్కడ మాత్రం డాక్టర్లు ఆచితూచే వాడతారు.