అట్ట మీద నానోసెకను, ఫైల్లో మిల్లీసెకను: రికార్డర్ డబ్బా రివ్యూ

నమస్కారమండి, అమలాపురం నుంచి. ముందు ఒక మాట చెప్పేస్తాను. ఈ రికార్డర్‌ని కంపెనీవాళ్లే ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. పేరు, ధర, పోర్టులు, బరువు అన్నీ స్క్రీన్ మీద వేస్తున్నాను. ఇవన్నీ మీరు ఇప్పటికే నాలుగు ఛానళ్లలో చూసుంటారు కాబట్టి మళ్లీ చదవను. కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ వైరు ఇటు, ఎస్‌ఎస్‌డీ అటు, మధ్యలో ఎర్ర బటన్. అంతే. బొమ్మ బాగుంది. ఫ్యాను చప్పుడు లేదు. మే నెల ముహూర్తాల్లో, మన కోనసీమ ఉక్కలో, పందిట్లో పెట్టినా వేడెక్కి ఆగలేదు. ఇంతవరకు నాకు ఏ కంప్లయింటూ లేదు.

నా గొడవంతా అట్టపెట్టె మీద ఉన్న ఒక్క ముక్కతోనే. దగ్గరగా చూపిస్తాను, చూడండి. "నానోసెకను ఖచ్చితత్వంతో టైమ్‌స్టాంపులు." నానోసెకనంటే సెకనులో వంద కోట్లో వంతు. పెళ్లిళ్లకి, తీర్థాలకి మూడు కెమెరాలు పెట్టి తర్వాత కూర్చుని కలుపుకునే నాలాంటివాడికి ఈ ముక్క కనపడితే మిగతా ఫీచర్లు ఎందుకు కనపడతాయి?

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మనం హెచ్.264 మంచిదా, 265 మంచిదా అని వాదించుకుంటాం. అది బొమ్మని కుదించే పద్ధతి. ఏ ఫ్రేము ఏ క్షణంలో కనపడాలి, ఏ శబ్దం ఎప్పుడు వినపడాలి అన్నది మాత్రం కంటైనర్‌లో, అంటే బొమ్మనీ శబ్దాన్నీ కలిపి పెట్టే ఫైలు పెట్టెలో, రాసి ఉంటుంది. ఎంకేవీ, ఎంపీ4, టీఎస్ ఇవన్నీ కంటైనర్లే. ఆ రాసిన సమయమే టైమ్‌స్టాంప్.

సరే, ఎంకేవీలో సెకనుకి 30 ఫ్రేముల మీద ఒక షాట్ తీసి, ఫైలుని ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌లో, అంటే ఫైలు లోపలి వివరాలు చూపించే ప్రోగ్రాంలో, తెరిచాను. వచ్చిన స్టాంపులివి: 0, 33, 67, 100, 133, 167. అన్నీ మిల్లీసెకన్లు. 30 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము 33.333 మిల్లీసెకన్లు ఉండాలి. చుక్క తర్వాత ఉన్నదంతా ఎగిరిపోయింది. నానో సంగతి వదిలేయండి, మైక్రో కూడా లేదు.

మరి అట్ట మీద అలా ఎందుకు రాశారు? ఎంకేవీ అంటే మత్రోస్కా అన్న ఫార్మాటు. 2002 చివర్లో మొదలైంది, ఇంటర్నెట్ ప్రమాణంగా ఆర్‌ఎఫ్‌సీ 9559 పేరుతో 2024లో అచ్చయింది. అందులో టైమ్‌స్టాంప్ స్కేల్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని నానోసెకన్లలోనే రాస్తారు, అది నిజమే. కానీ ఎవరూ ఏమీ మార్చకపోతే అక్కడ ఉండే విలువ 10 లక్షలు. 10 లక్షల నానోసెకన్లంటే ఒక మిల్లీసెకను. ఫైల్లో ప్రతి స్టాంపూ దానికి గుణిజంగానే ఉంటుంది. బియ్యం బస్తా మీద 25,000 గ్రాములని రాసినంత మాత్రాన గ్రాము లెక్కన తూచినట్టా అండి?

ఇక్కడ న్యాయంగా ఒకటి చెప్పాలి. చూసేవాళ్లకి ఈ మిల్లీసెకను రౌండింగ్ వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. "నా వీడియోలో పెదాలకీ మాటకీ కుదరట్లేదు, ఎంకేవీ వల్లేనా?" అని కామెంట్లలో చాలామంది అడుగుతుంటారు. కాదండి. ఎంకేవీలో ప్రతి స్టాంపూ మొదటి నుంచి లెక్కపెట్టిన సమయం. ఒక ఫ్రేములో అర మిల్లీసెకను తేడా వస్తే అది అక్కడితో సరి, తర్వాతి ఫ్రేము మీద పడదు. మూడు గంటల పెళ్లయినా చివరి ఫ్రేములో తేడా అర మిల్లీసెకనే. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూవాళ్ల బీటీ.1359 సిఫార్సు ప్రకారం శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తేనో, 125 వెనకబడితేనో మనిషి పసిగడతాడు. అంత దూరం ఎందుకు, గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది. డోలుకి పది మీటర్ల దూరంలో కెమెరా మైకు పెట్టారంటే అప్పటికే 29 మిల్లీసెకన్లు ఆలస్యం. ముందు మైకు జరపండి, తర్వాత కంటైనర్ సంగతి చూద్దాం.

ఎంపీ4లో ఇంత నిశ్చింత ఉండదు. అందులో ఫ్రేము ఎప్పుడు కనపడాలో నేరుగా రాయరు. ఒక్కో ఫ్రేము ఎంతసేపు ఉండాలో రాస్తారు, ప్లేయరు వాటిని కూడుకుంటూ పోతుంది. రౌండింగులో అజాగ్రత్తగా ఉంటే తప్పు పేరుకుంటూ పోతుంది. ఇంతకుముందు నా దగ్గర ఇంకో డబ్బా ఉండేది, పేరు చెప్పను. అది 30 ఫ్రేముల ఎంపీ4లో ప్రతి ఫ్రేముకీ 33 మిల్లీసెకన్లని రాసేసేది. ఫ్రేముకి పోయేది మూడో వంతు మిల్లీసెకనే. గంటకి లెక్కేయండి, 36 సెకన్లు. ఒక గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతం ఏకబిగిన తీస్తే, చివర్లో బొమ్మలో హారతి అయిపోయి అందరూ లేచి నిలబడ్డారు, మాటలో పంతులుగారు ఇంకా కథ చెబుతూనే ఉన్నారు. ఆ ఇంటాయన ఎంత మర్యాదస్తుడంటే, "ఇదేదో కొత్త ఎఫెక్టా అండి?" అనడిగాడు.

ఈ కొత్త డబ్బాలో ఆ రోగం లేదు. 33, 34, 33 అని సర్దుకుంటూ పోతుంది, మొత్తం మీద సమయం తప్పదు. ఇంకో మంచి విషయం కూడా ఉంది. మన దగ్గర సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి గట్టిమేళం మొదలవగానే కరెంటు పోవడం మామూలే. జనరేటర్ అందుకునేలోపు రికార్డర్ ఆరిపోతుంది. మామూలు ఎంపీ4లో ఫ్రేముల చిట్టా అంతా మూవ్ అనే పెట్టెలో ఉంటుంది, రికార్డింగ్ ఆపినప్పుడే దాన్ని రాస్తారు. అది రాయకముందే కరెంటు పోతే ఫైలు సైజు గిగాబైట్లలో ఉంటుంది కానీ తెరుచుకోదు. ఎంకేవీ అలా కాదు, ముక్కలు ముక్కలుగా రాసుకుంటూ పోతుంది. ప్లగ్గు పీకి మరీ చూశాను. చివరి కొద్ది సెకన్లు తప్ప అంతా ఉంది. దీనికి మాత్రం దండం పెట్టొచ్చు.

మరి కోపం ఎక్కడొచ్చిందంటే ఎడిటింగ్ టేబుల్ దగ్గర. ఎంకేవీని నేరుగా తీసుకోని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి. అందుకని బొమ్మని ముట్టుకోకుండా కంటైనర్ మాత్రం ఎంపీ4కి మారుస్తాం. 33, 34, 33 అన్న ఆ ఎగుడుదిగుళ్లు అలాగే దాంతోపాటు వచ్చేస్తాయి. మా ఎడిటర్ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇది వేరియబుల్ ఫ్రేమ్ రేటంటోంది, ఫోన్లో తీశావా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఫ్రేములన్నీ ఒకే నిడివి లేవు మరి. దాన్ని టైమ్‌లైను గళ్లలో ఇరికించబోయి ఒకచోట ఒక ఫ్రేము రెండుసార్లు చూపిస్తుంది, ఇంకోచోట ఒకటి మింగేస్తుంది. మాట్లాడే మనుషుల్లో అది తెలియదు. స్లో మోషన్‌లో తెలుస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటుతుంటే 120 ఫ్రేముల్లో తీశాను. అంతమంది భుజాల మీద ప్రభ ఊగుతూ వస్తోంది, కింద నీళ్లు చిమ్ముతున్నాయి. 120లో ఫ్రేము 8.333 మిల్లీసెకన్లు, ఫైల్లో మాత్రం 8, 9, 8. టైమ్‌లైనులో వేసి నెమ్మది చేస్తే నీటి తుంపర అక్కడక్కడా గతుక్కుమంటుంది. ప్రభ బరువు వల్ల మనుషులు తూలారేమో అనుకుంటారు చూసేవాళ్లు. ఏడాదికొక్కసారి వచ్చే షాటండి అది.

దీనికి మందు లేదా అంటే, ఉంది. ఎంకేవీలోనే డిఫాల్ట్ డ్యూరేషన్ అని ఒక గడి ఉంటుంది. ఒక్కో ఫ్రేము అసలు నిడివి అందులో నానోసెకన్లలో రాయొచ్చు. 30 ఫ్రేములకైతే 3,33,33,333. అది ఉంటే, స్టాంపులు రౌండ్ అయినా అసలు రేటు ఇదీ అని చదివే సాఫ్ట్‌వేర్‌కి తెలుస్తుంది. నానోసెకను అన్న మాటకి ఈ ఫైల్లో నిజంగా విలువ ఉన్న చోటు అదొక్కటే. ఈ డబ్బా ఆ గడిని ఖాళీగా వదిలేసింది! అట్ట మీద అంత పెద్ద అక్షరాల్లో రాసుకుని, రాయాల్సిన చోట రాయలేదు.

కంపెనీకి మెయిల్ పెట్టాను. "ఇది ఫార్మాటు పరిమితి" అని జవాబొచ్చింది. ఎలా పరిమితి అవుతుందండి? స్కేల్‌ని 10 లక్షల నుంచి లక్షకి తగ్గిస్తే మిల్లీసెకనులో పదో వంతు వరకు వస్తుంది. దానికి ఒక ఖర్చుంది, ఒప్పుకుంటాను. ఎంకేవీలో ఫ్రేములని క్లస్టర్లుగా కడతారు. క్లస్టర్ లోపల ఫ్రేము స్టాంపుకి 16 బిట్లే చోటు. మిల్లీసెకను లెక్కన క్లస్టర్ 32.767 సెకన్ల దాకా సాగుతుంది. పదో వంతు చేస్తే 3.2767 సెకన్లకే కొత్త క్లస్టర్ మొదలెట్టాలి. ఫైలు ఏ కాస్తో పెరుగుతుంది. అదే నిజంగా నానోసెకనుకి దించితే క్లస్టర్‌లో రెండు ఫ్రేములు కూడా పట్టవు, అందుకే ఎవరూ ఆ పని చేయరు. ఎంకేవీమెర్జ్ అన్న ఉచిత ప్రోగ్రాంలో ఈ స్కేల్ మార్చుకునే సదుపాయం ఉంది. బొమ్మ లేకుండా ఆడియో ఒక్కటే ఇస్తే ఒక్క శాంపిల్ కూడా తేడా రాకుండా స్కేల్‌ని అదే ఎంచుకుంటుంది. ఉచితంగా ఇచ్చేవాళ్లు చేసిన పని, డబ్బులు తీసుకునేవాళ్లకి పరిమితి అయ్యిందట.

పోనీ ఎంపీ4 మోడ్ వాడదామంటే అక్కడ ఇంకా బద్ధకం. ఎంపీ4లో టైమ్‌స్కేల్, అంటే సెకనుని ఎన్ని ముక్కలు చేయాలన్నది, తయారుచేసేవాడి ఇష్టం. 30,000 ముక్కలు చేసి ఫ్రేముకి 1,001 ఇస్తే సెకనుకి 29.97 ఫ్రేముల రేటు అణువంత తేడా లేకుండా కూర్చుంటుంది. ఆ 29.97 గోల 1953లో అమెరికావాళ్లు టీవీకి రంగులు తగిలించినప్పుడు పుట్టింది, మనకి అక్కర్లేదు. కానీ ఈ డబ్బా డిఫాల్ట్ 59.94! ఇక టైమ్‌స్కేల్ ఎంత పెట్టారో తెలుసా? వెయ్యి. మళ్లీ అదే మిల్లీసెకను. ఇల్లంతా ఖాళీగా ఉంటే గుమ్మంలో పడుకున్నారు.

సెట్టింగుల్లో అట్టడుగున టీఎస్ ఉంది, 1990ల నాటి బ్రాడ్‌కాస్ట్ ఫార్మాటు. అందులో సెకనుకి 90,000 ముక్కలు. 25 ఫ్రేములకి 3,600, 30కి 3,000, 29.97కి 3,003, అన్నీ పూర్తి అంకెలే. 59.94కి మాత్రం 1,501.5 వచ్చి అర ముక్క మిగులుతుంది. కరెంటు పోయినా ఈ ఫైలు బతుకుతుంది, ఎంపీ4కి మార్చినా, ఆ 59.94లో తప్ప, ఎగుడుదిగుళ్లు రావు. ఇంత బాగుంటే అదే వాడొచ్చుగా అంటారేమో. ఈ డబ్బా టీఎస్‌లో రెండు ఆడియో ఛానళ్లే ఇస్తుంది. మేళానికి రెండు, పంతులుగారికొకటి, పందిరి సందడికొకటి, మొత్తం నాలుగు కావాలి నాకు. ఇంకోటి, గుళ్లో భజనలు రికార్డు చేసేవాళ్లు వినండి. టీఎస్ స్టాంపుకి 33 బిట్లే ఉంటాయి. 26 గంటల 30 నిమిషాలు దాటగానే అంకె సున్నాకి వచ్చేస్తుంది. ఏకాహం సున్నా నుంచి మొదలైతే గట్టెక్కుతుంది. ఏడు రోజుల సప్తాహాన్ని ఆపకుండా తీస్తే కనీసం ఆరుసార్లు సున్నా దాటుతుంది. కొన్ని ప్లేయర్లు సర్దుకుంటాయి, కొన్ని మొదటికి దూకుతాయి. రోజుకొక ఫైలు కట్ చేసుకోండి.

ఇక కొనాలా వద్దా? 25 లోనో 50 లోనో తీసే పెళ్లి వీడియోవాళ్లకి ఈ గొడవేదీ అంటదు. 25కి ఫ్రేము సరిగ్గా 40 మిల్లీసెకన్లు, 50కి 20. రౌండ్ చేయడానికి ఏమీ మిగలదు. మెనూలో 59.94 తీసేసి 50 పెట్టుకుని, ఎంకేవీ ఎంచుకుంటే ఈ ధరలో ఇంత మంచి బొమ్మ ఇచ్చే డబ్బా నేను చూడలేదు. 30లో, 60లో, స్లో మోషన్‌లో తీసేవాళ్లు మాత్రం ఫర్మ్‌వేర్ మారేదాకా దీని జోలికి పోవద్దు. నేనైతే సొంత డబ్బుతో కొనను. కొన్ని బైట్ల గడి నింపడానికి బద్ధకించి, అదే గడిలో ఉండాల్సిన మాటని అట్ట మీద అమ్ముకునేవాళ్లకి నా డబ్బులు ఎందుకివ్వాలి?

ఇప్పటికే కొనేసినవాళ్లు ఫైలుని మీడియాఇన్ఫో అన్న ప్రోగ్రాంలో తెరిచి, ఫ్రేమ్ రేట్ మోడ్ అన్న వరుస చూడండి. వేరియబుల్ అనుంటే ఎడిటింగ్ మొదలెట్టకముందే ఎంకేవీమెర్జ్‌లో డిఫాల్ట్ డ్యూరేషన్ ఇచ్చి మళ్లీ రాయించండి. కమాండ్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. కంపెనీకి మెయిల్ చేసేటప్పుడు "ఫార్మాటు పరిమితి" అని జవాబొస్తే ఆర్‌ఎఫ్‌సీ నంబరు కూడా అక్కడే ఉంది, కాపీ చేసి పంపండి.