నొప్పిని చెప్పలేని ప్రాణులు

అందరికీ నమస్కారం.

1980ల దాకా చాలా ఆసుపత్రుల్లో పసికందులకు సరిపడా మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. కదలకుండా ఉండేందుకు మందు ఇచ్చేవారు. నొప్పి తెలియకుండా ఉండేందుకు చాలాసార్లు ఇచ్చేవారు కాదు. ఆ డాక్టర్లు క్రూరులేం కాదు. అంత చిన్న ప్రాణం మత్తుకు తట్టుకోదేమోనని భయపడ్డారు. నరాలు ఇంకా పూర్తిగా ఎదగలేదు కాబట్టి నొప్పి తెలియదనీ, తెలిసినా గుర్తుండదనీ నమ్మారు. 1987లో ఆనంద్, హికీ అనే వైద్యులు ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకాన్ని గట్టిగా కదిలించింది.

'గుర్తుండదు' అన్న వాదన దగ్గర కాసేపు ఆగుదాం. మరిచిపోయిన నొప్పి లెక్కలోకి రాదంటే, మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లను ఏం చేసినా తప్పు లేదనాలి. అలా అనడానికి మనలో ఎవరికీ మనసొప్పదు. నొప్పి కలిగిన ఆ క్షణంలోనే హాని జరిగిపోయింది. తర్వాత గుర్తుంటే అది ఇంకో హాని. బాధ తెలియకుండా జరిగే హానీ ఉంది. ఒక మనిషిని జీవితాంతం మోసం చేస్తూ, అతనికి ఎప్పటికీ తెలియకుండా చూసుకున్నారనుకోండి. అతను హాయిగానే బతికాడు, నిజమే. కానీ అతనికి మేలు జరిగిందని నేను ఒప్పుకోలేను.

మరి ఎవరి బాధను లెక్కపెట్టాలి? జంతువుల గురించి 1789లోనే ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ తేల్చి చెప్పాడు: అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అని కాదు, బాధపడగలవా అని అడగాలి. బ్రిటన్ 2022లో చేసిన చట్టం పీతలనూ, ఆక్టోపస్‌లనూ అనుభూతి ఉన్న ప్రాణులుగా గుర్తించింది.

బాధపడతాయేమోనన్న అనుమానం ఉన్నంత మాత్రాన రాళ్లనూ చెట్లనూ లెక్కలోకి తేవాలా అని అడుగుతారు. అక్కర్లేదు. అనుమానానికి ఆధారం కావాలి. ఖాళీ నత్తగుల్లల్లో తలదాచుకునే సన్యాసి పీతలకు శాస్త్రవేత్తలు చిన్న కరెంట్ షాక్ ఇచ్చి చూశారు. నచ్చని గుల్లలో ఉన్నవి ఎక్కువగా బయటికి వచ్చేశాయి, నచ్చిన గుల్లలో ఉన్నవి ఓర్చుకున్నాయి. అది ఒట్టి రిఫ్లెక్స్, అంటే బాధతో పనిలేకుండా ఒళ్లు దానంతటదే కదలడం అయితే గుల్ల మంచిదా చెడ్డదా అన్న తేడా ఎందుకు రావాలి? ఇంత ఆధారం ఉన్నప్పుడు, బాధ లేదని రుజువు చేసే బరువు బాధపెట్టేవాళ్ల మీదే ఉండాలి. బాధ లేని ప్రాణిని జాగ్రత్తగా చూస్తే మనకు కాస్త శ్రమ, కాస్త ఖర్చు. బాధ ఉన్నదాన్ని లేదనుకుంటే మూల్యం చెల్లించేది అది.

ఇప్పుడు దాణా కోసం పురుగులను ఫారాల్లో భారీగా పెంచుతున్నారు. వాటిని ఎలా చంపాలన్న ప్రశ్న ఈ పరిశ్రమ చిన్నగా ఉన్నప్పుడే అడగాలి. పెట్టుబడులు పెరిగాక అడిగితే వినేవాళ్లు తక్కువ.